ఫలం లేనిదే పలుకు లేదు

పూలబుట్ట నెత్తిన పెట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని, దీపావతి నగరంలో రాజోద్యానం తూర్పు ద్వారం దాటిన ఆ పిల్లకు పూలబేరం రాదు. ద్వారపాలకుడు మల్లెలు మూర ఎంతని అడిగితే ధర తెలియక, రెండు మూరలు తెంపి ఊరికే చేతిలో పెట్టేసింది. ఊరికే పూలిచ్చే పూలమ్మి ఆ నగరంలో ఇంతవరకు పుట్టలేదు. వాడికి ఆ ఉదయమే ఇంట్లో తగువైంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే మన కథ ద్వారం దగ్గరే ముగిసేది.

ఆ పిల్ల పేరు కువలయ. శోణగిరి మీద మహోరగం ఊపిరి వినే శోధకురాలు. బుట్టలో మల్లెదండలు గాలి లేకపోయినా ఊగుతున్నాయి.

శోణగిరి కింద ఏనాటిదో తెలియని పాము చుట్టలు చుట్టుకుని పడుకుందని ఆ రాజ్యంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలుసు గాని ఎవరూ నమ్మరు. అది ఒక్కసారైనా లేస్తే కదా నమ్మడానికి. లేవకపోవడానికి కారణం, కొండమీద గుహలో తరతరాలుగా ఇద్దరు మనుషులు నేలకు చెవి ఆనించి దాని ఊపిరి వింటూ ఉండటం. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు దాని నిద్ర పలచబడుతుంది. అప్పుడు వాళ్ళు జోల పాడతారు. ఆ జోలలో మాటలుండవు. పెదవులు మూసి, బొడ్డు దగ్గరనుంచి లాగి నిలబెట్టే ఒకే ఒక్క నాదం. అది తెగకూడదు కనుకనే ఇద్దరు కావాలి. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు మరొకరు నిలబెడతారు. నిరుటినుంచి ఆ గుహలో కువలయ ఒక్కతే ఉంది. పాముకు తెలియనంత చప్పున ఊపిరి లాక్కోవడం భయంతోనే నేర్చుకుంది.

రెండో మనిషి ఏమయ్యాడో చెప్పాలంటే పిడికెడు గింజల సంగతి చెప్పాలి. శోణగిరి రాజ్యంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు విడిగా కుండలో వేస్తుంది. దాన్ని విద్యపిడికిలి అంటారు. నక్షత్రాలు చూసేవాళ్ళూ, వేర్లు దంచేవాళ్ళూ, పాము ఊపిరి వినేవాళ్ళూ ఆ గింజలతోనే బతుకుతారు. కుంజరసేన మహారాజు కొలువులోకి కంకాళదత్తుడనే మాంత్రికుడు వచ్చాక ఒక ప్రశ్న పుట్టింది. మా పిడికెడు గింజలకు ఏం మొలిచింది? న్యాయమైన ప్రశ్నే. కువలయ గురువు ధ్రువసోముడు కూడా న్యాయమైనదేనన్నాడు. చిక్కంతా జవాబు చెప్పే పద్ధతిలో వచ్చింది.

రాజు కంకాళదత్తుణ్ణి ఫలాధికారిగా నియమించాడు. ఫలాధికారి శాసనం చేశాడు. ఏడాదికొకసారి ప్రతి శోధకుడూ రాజోద్యానంలో, పట్టపగలు, జనం కళ్ళెదుట తన ఫలాన్ని పళ్ళెంలో పెట్టి చూపాలి. చూపితే ఫలఘంట మోగుతుంది. ఘంట మోగిన తర్వాతే వాడికి రాజుతో మాట్లాడే హక్కు. ఫలం లేనిదే పలుకు లేదు. చూపడానికేమీ లేకుండా నోరు విప్పినవాడు ఆ తోటలోనే గొడ్డుచెట్టై నిలబడతాడు.

నిరుడు ధ్రువసోముడు ఖాళీ పళ్ళెంతో వెళ్ళి నిలబడ్డాడు. "మహారాజా, నిన్న తమరు నిద్రపోయారు. తమ ప్రజలూ నిద్రపోయారు. అదే ఫలం" అన్నాడు. నిద్రపోవడానికి పండితులెందుకు స్వామీ, చద్దన్నం చాలదా అని విదూషకుడు అనగానే తోటంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే మంత్రదండం లేచింది.

ఇప్పుడు కువలయ వంతు వచ్చింది. పిలుపు అందింది. పళ్ళెంలో పెట్టడానికి ఆమె దగ్గరా ఏమీ లేదు. పైగా కొంతకాలంగా పాము నిద్ర ఎందుకో నానాటికీ పలచబడుతోంది. ఎంత వెతికినా కారణం దొరకలేదు. పిలవకముందు శోధకులు ఆ తోటలో అడుగుపెట్టకూడదు. అయినా గురువును ఒక్కసారి చూడాలనిపించింది. చూసి ఏం చేయాలో ఆమెకే తెలియదు. భయపడినవాళ్ళు ఇంటిపెద్ద దగ్గరికి పోతారు, అంతే.

ఆ ఉద్యానం శోభ చెప్పనలవి కాదు. ముత్యాల చూర్ణం పరిచిన బాటలు, చంద్రకాంతశిలల గట్ల మధ్య గులాబినీరు చిమ్మే జలయంత్రాలు, పగడపు కొమ్మలమీద వేదం వల్లించే చిలకలు, మరకతపు పందిళ్ళమీదికి పాకిన మాధవీలతలు, నడుమ ఏనుగు మోకు పట్టి లాగితే తప్ప కదలని కంచుఘంట. వీటన్నిటి వెనక, గోడవారనుంచి ఆ ఘంట దాకా, ఆకులే తప్ప పువ్వుగాని పిందెగాని లేని చెట్ల బారు ఒకటి ఉంది. ఒక చెట్టు కొమ్మకు జందెం వేలాడుతోంది. వాన ఎందుకు రాలేదో తేల్చుకుంటూ, వాన మాత్రం కురిపించలేకపోయిన మేఘజ్ఞుడు ఆయన. ఇంకొక చెట్టు బెరడులో వెండి కడియం సగం పూడుకుపోయి ఉంది. గాలి వీచినప్పుడు ఆ ఆకుల సవ్వడి చెట్ల సవ్వడిలా ఉండదు. ఏదో చెప్పబోయి నాలుక కరుచుకున్నట్టు ఉంటుంది.

బారు చివర, సరిగ్గా ఘంట కిందికి వంగిన చెట్టు మొదట్లో, వేరు మింగుతున్న పావుకోడు కనిపించింది. గురువు పావుకోడే. కువలయ చుట్టూ చూసి బుట్ట దించి, పూలు సర్దుతున్నట్టు మోకాళ్ళమీద కూర్చుని, ఆ వేరుకు నుదురు ఆనించింది. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అలవాటు కొద్దీ చెవి నేలకు ఆనించింది.

మరుక్షణం ఏడుపు ఆగిపోయింది.

కొండమీద గుహలో దూరాన తిరగలి తిప్పినట్టు వినిపించే ఊపిరి ఇక్కడ చెవిపక్కనే ఉంది. వచ్చి పోయే గాలికి నేల పొంగి అణగుతోంది. ధ్రువసోముడు జన్మంతా వెతికిన సంగతి ఒకటే, మహోరగం తల ఎక్కడుందని. కొండ కింద ఉందని అందరూ అనుకున్నారు. కొండ కింద ఉన్నది ఒట్టి చుట్టలు. తల ఇక్కడ, ఈ తోట కింద, ఈ ఘంట కింద ఉంది. ఫలం చూపిన ప్రతిసారీ ఏనుగును కట్టి మరీ ఆ పాము చెవిలో ఘంట కొడుతున్నారు. నిద్ర ఎందుకు పలచబడుతోందో ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు సంతోషించవలసిన మనిషి నిలువునా చెమట పట్టి, పూలబుట్ట అంచు పట్టుకుని కూలబడింది.

"అమ్మాయ్, పూలు అమ్మేవాళ్ళు చెట్లకు చెవులు పెట్టరు. లే" అని ఎవరో వెనకనుంచి మెల్లగా అన్నారు.

తిరిగి చూస్తే, వెనక ఉన్నది మకరందుడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కుండలో గింజలు తిన్నవాళ్ళు. చోళ్ళ చేలకు పట్టే నల్లతెగులు ఎక్కడ పుడుతుందో కనిపెడుతూ పదేళ్ళు పొలాల వెంబడి తిరిగిన మనిషి. ఇప్పుడు ఒంటిమీద పట్టుశాలువా ఉంది. టెంకను గుడ్డ కింద పాతిపెట్టి, గుడ్డ తీసేసరికి చెట్టు, మళ్ళీ తీసేసరికి పండు చూపిస్తాడు. సంతలో గారడీవాడు చూపించేదే. శాలువా కప్పుకుని చూపిస్తే దానికి విద్య అని పేరు.

కువలయ విన్నదంతా గబగబా చెప్పింది. మకరందుడి ముఖం పాలిపోయింది. వెంటనే రాజుకు చెప్పమని ఆమె వేడుకుంది. నీకు పలుకు ఉంది కదా అన్నయ్యా, నిరుటినుంచీ ఉంది కదా అంది.

"ఉంది."

"ఆ పలుకుతో ఇన్నాళ్ళూ ఏం చెప్పావు?"

"ధన్యోస్మి అని చెప్పాను" అన్నాడు మకరందుడు తల వంచుకుని. నల్లతెగులు సంగతి చెబుదామని ప్రతిసారీ అనుకున్నాడట. చెబితే, మరి నిరుడు మామిడిపండు చూపావేమని అడుగుతారు. అది గారడీ అని తేలుతుంది. తేలితే ఈ బారులో ఇంకొక చెట్టు లేస్తుంది. ఈ ఏడు తెగులు తన సొంత ఊరికే వచ్చిందని కూడా చెప్పాడు. చెప్పి, శాలువా కింద నుంచి ఒక మూట తీసి ఆమె బుట్టలో పూల కింద దూర్చాడు. పట్టుగుడ్డతో కుట్టిన పాము. లోపల తోలుతిత్తి, కర్పూరం. వెలిగిస్తే పొగ నిండి పడగ విప్పుతుంది. తిత్తి చల్లబడగానే వాలిపోతుంది. ఆ వాలే సమయానికి నువ్వు జోల పట్టు చెల్లీ, చూసేవాళ్ళకు అదే ఫలం, ఆ తర్వాత నీ పలుకుతో నువ్వే చెప్పుకో అన్నాడు.

తన జోల మామూలు పాముల్ని పడుకోబెట్టదని కువలయకు తెలుసు. ఈ పట్టుపాము ఆట అబద్ధమని తెలుసు. అబద్ధం నెగ్గితే ఘంట మోగుతుందనీ తెలుసు. కాని మోగితేనే మాట్లాడనిస్తారు. ఒక్క మోతకు ఏమీ కాదులే అని తనకు తనే చెప్పుకుంది. ఈ కథలో ఆమె చేసిన తప్పు అదే, దానికి కారణం భయం. చెట్టు కావడమంటే ఆమెకు చచ్చేంత భయం.

అప్పటికే భేరీలు మోగాయి. ఏనుగుమీద మహారాజు వచ్చాడు, ఆయన వెనక పొరుగు రాజ్యాల రాయబారులు, వాళ్ళ వెనక జనం. కంకాళదత్తుడు రాజు కుడిపక్కన నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, మెత్తటి కంఠం, ఎవరిమీదా గొంతు పెంచడు. శోధకుల్ని తన బిడ్డల్లా పేరుపేరునా పలకరిస్తాడు. అతను పలకరిస్తే కువలయకు అరికాళ్ళు చల్లబడతాయి.

ఒకడు ఇత్తడి కాకి చేత కావుమనిపించాడు. ఘంట మోగింది. పాదరసంతో పనిచేసే వృద్ధుడొకడు, చేతులు వణుకుతుంటే, నీళ్ళను ఎర్రగా మార్చి చూపాడు. ఎర్రనీళ్ళు ఎందుకని ఎవరూ అడగలేదు. ఘంట మోగింది. మకరందుడి పండు రాయబారులకు పంచిపెట్టారు. ఘంట మోగింది. మోగినప్పుడల్లా కువలయ అరికాళ్ళ కింద నేల ఒక్క క్షణం బిగుసుకుని, మళ్ళీ వదులవుతోంది. ప్రతిసారీ వదులు కావడానికి ఇంకొంచెం ఎక్కువసేపు పడుతోంది. ఆమె తన నీడను చూసుకుంది. నీడ పాదాల్లోకి వచ్చేసింది. మధ్యాహ్నం కాబోతోంది. కొండమీద జోల పట్టేవాళ్ళు ఇవాళ ఎవరూ లేరు.

"శోణగిరి గుహ, కువలయ" అని పిలిచారు.

పూలబుట్టతోనే ముందుకు నడిచింది. జనం నవ్వారు. కంకాళదత్తుడు మాత్రం నవ్వకుండా, తల్లీ, మీ గురువుగారు ఇక్కడే ఉన్నారు, ఆయన చూస్తుండగా చూపించు అన్నాడు. ఆమె కర్పూరం వెలిగించింది. పట్టుపాము పొగ మింగి, ఒళ్ళు విరుచుకుని, పడగ విప్పి, నిలువెత్తు లేచింది. జనం వెనక్కి తూలారు. ఒక రాయబారి సింహాసనం వెనక నక్కాడు. కువలయ పెదవులు మూసి నాదం పట్టింది. తిత్తి చల్లబడింది. పాము మెల్లగా తల వాల్చి బుట్టలోకి జారిపోయింది.

తోట దద్దరిల్లింది. రాజు లేచి నిలబడ్డాడు. ఇంత గొప్ప విద్యను నిరుడు ఆ ముసలాయన చూపనే లేదేమని వాపోయాడు. ఆ సంబరంలో, ఈ పిల్లకు ఒక్కసారి కాదు, నేను చాలనేదాకా ఘంట కొట్టండని మావటికి ఆజ్ఞ ఇచ్చాడు.

వద్దని అరవబోయింది. ఘంట మోగందే పలుకు లేదు. నోరు తెరిచిన ఆ క్షణంలోనే ఏనుగు మోకు లాగింది. మొదటి మోత. రెండో మోత. జలయంత్రాల నీళ్ళు సర్రున లోపలికి పీల్చుకుపోయాయి. మూడో మోత. చిలకలన్నీ ఒక్కసారి లేచి కొండ వైపు కాకుండా సముద్రం వైపు ఎగిరిపోయాయి. ఏనుగు మోకు వదిలేసి, తొండం పైకెత్తి, మావటి ఎంత పొడిచినా వినకుండా వెనక్కి వెనక్కి నడిచింది.

తర్వాత ఏదో ఆగిపోయింది.

ఏమిటో ఎవరికీ తెలియలేదు. పుట్టినప్పటినుంచి వింటున్న చప్పుడు కావడంతో అది చప్పుడని ఎవరూ అనుకోలేదు. రాజు తల పక్కకు వంచాడు. చంకలో బిడ్డలున్న తల్లులు కారణం తెలియకుండా బిడ్డల్ని హత్తుకున్నారు. మహోరగం ఊపిరి బిగపట్టింది. లేవబోయే ముందు ఏ ప్రాణి అయినా చేసేది అదే. ముత్యాల బాట నడిమధ్య నేల నిలువునా చీలి, ఆ చీలికలో పచ్చటి వెలుగు సన్నగా గీతలా కనిపించింది. అది రెప్ప అంచు.

కువలయ పరుగెత్తింది. గురువు చెట్టు దగ్గరికి పోయి, వేరుమీద మోకాళ్ళూని, నాదం పట్టింది. ఈసారి గారడీ కోసం పట్టిన నాదం కాదు. కడుపులో ఉన్న భయమంతా ఆ నాదంలోకి పోయింది. పచ్చటి గీత వెడల్పు కావడం ఆగింది. తగ్గలేదు గాని ఆగింది.

"ఏం చేస్తోంది ఈ పిల్ల? ఆ చీలిక ఏమిటి?" అన్నాడు రాజు.

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పాలంటే పెదవులు విడాలి. పెదవులు విడితే నాదం తెగుతుంది. ఇంతకాలం పలుకు కోసం పడిగాపులు పడింది. ఘంట మోగింది, హక్కు వచ్చింది, రాజే స్వయంగా అడుగుతున్నాడు, ఆమె మాత్రం నోరు తెరవడానికి వీల్లేదు. చేత్తో నేలను చూపింది. ఘంటను చూపింది. చేతులు జోడించింది. పిచ్చెక్కిందని జనంలో ఎవరో అన్నారు.

కంకాళదత్తుడు బుట్టలోంచి పట్టుపామును మునివేళ్ళతో ఎత్తి, కుట్లు కనిపించేలా రాజుకు చూపించాడు. "మహారాజా, ఇది గుడ్డ. ఫలం చూపలేదు, అడిగినదానికి బదులూ లేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు" అన్నాడు, ఎంతో బాధపడుతున్నట్టు. దండం ఎత్తాడు.

మొదట పాదాలు మొద్దుబారాయి. చూసుకుంటే కాలివేళ్ళు మట్టిలోకి దిగిపోతున్నాయి. బెరడు మోకాళ్ళు దాటింది, నడుము బిగిసింది. కువలయ కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పెదవులు మాత్రం విప్పలేదు. అయితే పక్కటెముకలు బిగుసుకుపోయాక ఊపిరి అందడం లేదు. ఇంక తీసుకోక తప్పదు. ఇదివరకటిలా చప్పున లాక్కోవడం ఈ బెరడులో సాధ్యం కాదు. నాదం తెగుతుంది. పచ్చటి కన్ను తెరుచుకుంటుంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఊపిరి తీసుకుంది.

నాదం తెగలేదు.

వీపు వెనక, బెరడు లోపలనుంచి, సన్నగా, బొంగురుగా ఎవరో అందుకున్నారు. ఆ బొంగురు గొంతు ఆమెకు తెలుసు. గుహలో చిన్ననాటినుంచి తను ఊపిరి తీసుకున్నప్పుడల్లా నాదం నిలబెట్టిన గొంతు అది. ఇన్ని ఘంటలు మోగినా పాము ఇంతవరకు లేవకపోవడానికి కారణం ఏడాదిగా ఇక్కడే, దాని చెవి దగ్గరే, ఎవరికీ వినపడకుండా నిలబడి ఉంది. కువలయ మళ్ళీ అందుకుంది. ఇద్దరి నాదానికి చీలికలో వెలుగు ఒక్క పిసరు సన్నబడింది.

కాని ఈసారి ఆ మూలుగు రాజుకూ వినిపించింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకూ భయమేసింది, భయపడిన రాజు చేసే పనే చేశాడు. "ఆ చెట్టు మూలుగుతోంది. ఏదో క్షుద్రం. నేల చీల్చింది అదే. నరికెయ్యండి" అన్నాడు.

గొడ్డలి పట్టుకుని ఒక భటుడు పరుగున వచ్చాడు. మల్లెపూలు ఊరికే తీసుకున్నవాడే. చెట్టు చుట్టూ తిరిగి, వాటు చూసుకుని, గొడ్డలి భుజంమీదికి ఎత్తాడు. బెరడు కువలయ గొంతు దాకా వచ్చింది. నాదం నిలబెడుతూనే ఆమె జనంలోకి చూసింది. అంతమందిలో పలుకు హక్కు ఉండి, ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. పట్టుశాలువా కప్పుకుని, మామిడిపండ్ల పళ్ళెం పట్టుకుని, రాయబారుల పక్కన నిలబడి ఉన్నాడు. వాడి పళ్ళెంలో పండ్లు దొర్లుతున్నాయి. ఆమె రెప్ప వేయకుండా వాడినే చూసింది.

మకరందుడు పళ్ళెం కింద పెట్టాడు.